మేలిముసుగు కొసన ముడి

సుందరమ్మగారింటికి ఎవరో ఆడనడక మగమనిషి దిగేడని, చేతిలో రేకుపెట్టె ఉంది కాబట్టి ఇప్పట్లో కదిలే రకం కాదని బుజ్జమ్మ అన్నదట. అన్నది చేపలబుట్ట దగ్గర, వీరాయమ్మతో. వీరాయమ్మ ఏ మాటనూ ఉన్నదున్నట్టు మోసుకొచ్చే మనిషి కాదు. దారిలో కాస్త ఉప్పూ కారం పట్టించి, పెరటి దడి అవతల నిలబడి సుందరికే వినిపించింది.

"రిక్షా దిగి, పంచె కుచ్చెళ్ళు ఇలా మునివేళ్ళతో సర్దుకున్నాడంటండి. పెదాలు ఎర్రగా ఉన్నాయంట. బుజ్జమ్మ చెప్పిందిలెండి, నేను చూళ్ళేదు. తాంబూలమో, మరింకేదో! మనకెందుకండి?"

మనకెందుకని అంటూనే సుందరి మొహంలోకి ఒకసారి తేరిపార చూసి, అక్కడేమీ దొరక్క, చేపల సంచీ చెయ్యి మార్చుకుని వెళ్ళిపోయింది.

తాంబూలమే. ఆ పెదాల సంగతి సుందరికి ఊళ్ళో అందరికంటే బాగా తెలుసు.

పోయినవారం మనం ఆమెను కిటికీ ఊచల వెనక వదిలాం. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం చేసే కామరాజు, తండ్రి సంవత్సరీకానికి ఆయనకిష్టమైన 'హేమవల్లి' నాటకం ఆడించాలని పట్టుబట్టి, చెల్లాచెదురైన పాత సమాజాన్ని పోగెయ్యడానికి మద్రాసు దాకా మనిషిని పంపాడు కదా. ఆ పంపిన మనిషి వెంట రైల్లో నరసాపురం, అక్కడ పంటెక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి రేవు, అక్కణ్ణించి బస్సు, చివరికి రిక్షా - ఇన్నీ ఎక్కి దిగి సుందరి వాకిట్లో నిలబడ్డవాడు సూర్యనారాయణ. ఇరవయ్యేళ్ళ క్రితం, కొత్తపేట రాఘవులుగారి సమాజంలో అతను మొదటి హేమవల్లి. ఊచల వెనక నిలబడ్డ సుందరి రెండో హేమవల్లి.

ఆమె బయటికి రాలేదు. భర్త లాజరే ఎదురెళ్ళి, పెట్టె అందుకుని, "రండి సూర్యంగారూ, నీళ్ళు తోడతాను, స్నానం చేద్దురుగాని" అని బావి దగ్గరికి తీసుకుపోయాడు. సుందరి వంటింట్లో దూరి, అక్కణ్ణించి పెరట్లోకి వచ్చి, ఎండిపోయిన బట్టల్నే మళ్ళీ ఆరేస్తూ వీరాయమ్మకి దొరికిపోయింది.

ఒక వేషాన్ని ఇద్దరు కట్టడమేమిటని సినిమాలకు అలవాటుపడ్డ పిల్లలకు ఇప్పుడు నవ్వు రావచ్చు. అప్పట్లో అది మామూలు. రాత్రంతా నడిచే పద్యనాటకాన్ని ఒక్క గొంతు మొయ్యలేదు. మొదటి సగంలో హేమవల్లి రాకుమార్తె. పూలతోటలో ఉయ్యాల, చెలికత్తెలతో సరసాలు, స్వయంవరం. అక్కడ కావలసింది అందం, నడక, కంటి విసురు. అది సూర్యనారాయణ సొత్తు. ఆడవాళ్ళు కూడా అతని నడక చూసి నేర్చుకునేవాళ్ళు. రెండో సగంలో మొగుడు అనుమానించి అడవికి తరిమేస్తాడు. మొహం మీద మేలిముసుగు వేసుకుని, చెట్టునీ పుట్టనీ మొగుడి ఆచూకీ అడుగుతూ పద్యాలు పాడుకోవాలి. అక్కడ కావలసింది గొంతు. అది సుందరిది.

రాఘవులుగారి దగ్గర ఉన్నది ఒకటే పట్టుచీర, ఒకటే వడ్డాణం, ఒకటే సవరం. జనం కూడా ఆ చీరని బట్టే హేమవల్లిని గుర్తుపట్టేవారు. అందుకని విరామంలో తెర వెనక మొదటి హేమవల్లి విప్పినదల్లా రెండో హేమవల్లి కట్టుకోవాలి. హార్మనీ మీద రాఘవులుగారు జనాన్ని ఆపి ఉంచే ఆ కాసేపట్లోనే అంతా అయిపోవాలి. ఒక దుప్పటి అడ్డం పెట్టేవారు. దుప్పటి పట్టుకునేది పెట్రోమాక్సు దీపాలు చూసే లాజరు. రెండు చేతులూ బారచాపి, వాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడేవాడు. ముసుగు నేలమీద పడి మాసిపోకుండా అతని భుజం మీదే వేసి ఉంచేవారు.

సూర్యం వడ్డాణం విప్పి సుందరి నడుముకు పెట్టేవాడు. చీర ఇంకా అతని ఒంటి వేడితోనే ఉండేది. మల్లెల వాసన, చెమట వాసన, మొహానికి పూసిన అర్దళం వాసన కలిసిపోయి ఉండేవి. సుందరిది పుట్టుకతో క్రైస్తవ కుటుంబం, బొట్టు పెట్టుకోవడం చేత కాదు, పెట్టుకుంటే పక్కకి పోయేది. అందుకని అదీ అతనే పెట్టేవాడు, గడ్డం కింద రెండు వేళ్ళు ఆన్చి, ఊపిరి బిగబట్టి. ఆఖరున లాజరు భుజం మీది ముసుగు లాగి ఆమె తల మీద కప్పేవాడు. "వెళ్ళు" అనేవాడు.

ఆ ముసుగు కొసన ఒక ముడి ఉండేది. ముడిలో ఓ కలకండ పలుకు, రెండు మిరియపు గింజలు.

మొదటిసారి కనిపించినప్పుడు సుందరికి పద్దెనిమిది దాటలేదు. చలిగాలికి గొంతు పట్టేసిందని ఆ సాయంత్రం ఎవరితోనో అన్నట్టు గుర్తు. ముడి విప్పి, నోట్లో వేసుకుని, రంగస్థలం మీదికి వెళ్ళింది. ఆ పద్యానికి జనం మూడుసార్లు 'ఒన్స్ మోర్' కొట్టారు. మర్నాటి ఊళ్ళోనూ ముడి ఉంది. ఆ తర్వాతా ఉంది. ఎవరు కట్టారని ఆమె అడగలేదు. అడగడానికేముంది? తల మీద ముసుగు కప్పిన చేతులు ఎవరివో తెలియదా? అడిగితే ఆగిపోతుందేమోనని భయం కూడాను.

ఇంకోటి కూడా ఉంది. సమాజంలో సుందరి గ్లాసు వేరు. అతను విడిచిన చీర ఆమె కట్టుకోవచ్చు, ఆమె విడిచిన సవరం మర్నాడు అతను పెట్టుకోవచ్చు. మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమెదీ లాజరుదీ విడిగా బోర్లించి ఉండేవి. రాఘవులుగారు చెడ్డవాడేం కాదు, లోకంతో పాటు నడిచే మనిషి. అలాంటి చోట ఒక మనిషి, తినే వస్తువు మూటగట్టి, ఎవరికీ తెలియకుండా, తనకి మాత్రమే అందేలా పంపాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఇంతకంటే ప్రేమలేఖ ఏం కావాలి?

అడవిలో హేమవల్లి పాడుతుంటే ముసలాళ్ళు కళ్ళొత్తుకునేవారు. కొంగులు నోట్లో కుక్కుకునేవారు ఆడవాళ్ళు. వాళ్ళందరూ అనుకున్నారు, పిల్ల ఎంత బాగా నటిస్తోందీ అని. నటన కాదది. తెర పక్కన వట్టి పంచెతో నిలబడి చూస్తున్న సూర్యానికే ఆ పద్యాలన్నీ చేరవేసేది.

ఆ సూర్యం ఒకనాడు సినిమాల్లో చేరతానని మద్రాసు వెళ్ళిపోయాడు. మొదటి హేమవల్లి లేకపోయేసరికి సమాజం విడిపోయింది. లాజరు పాస్టరుగారితో కబురు చేస్తే సుందరి సరేనంది. పెళ్ళికి ముందు సంఘం ఎదుట నిలబడి ఇక మొహానికి రంగు పూయనని మాటిచ్చింది. అప్పుడుగాని ఆమెను రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్లకు రానివ్వలేదు. ఆ మాట తప్పలేదు. ఆదివారం ఆరాధనలో ఆమె గొంతు లేస్తే గుడి బయట సైకిలు మీద పోయేవాళ్ళు కాలు కింద పెట్టి ఆగేవారు. ఏ కీర్తన ఎత్తుకున్నా నాలుక కింద ఆ తీపీ ఘాటూ ఊరేవి. ప్రభువు క్షమించాలి మరి.

*

"సుందరీ, కాఫీ ఇస్తావా, దడి పక్కనే కాపురం పెడతావా?"

గొంతు మారలేదు. కాస్త జీర వచ్చిందంతే. సుందరి చేతిలోని తువ్వాలు మళ్ళీ తీగ మీద వేసి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చింది.

సూర్యనారాయణ వసారాలో నులకమంచం మీద కూర్చున్నాడు. తెల్లటి పంచె, సిల్కు లాల్చీ. జుట్టుకి వేసిన రంగు చెవుల దగ్గర వెలిసిపోయింది. బుగ్గలు జారాయి. కానీ కూర్చున్న తీరు అదే. మోకాళ్ళు దగ్గరగా, ఒక చెయ్యి ఒడిలో, ఇంకో చెయ్యి మంచంపట్టె మీద, ఇప్పుడే ఎవరో ఉయ్యాల ఊపబోతున్నట్టు. ఈ మనిషి మొహాన్ని సుందరి ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుని చూసింది. కళ్ళు తెరిచి చూడటం చేతకాలేదు.

వసారా చివర లాజరు వీపు తిప్పి కూర్చుని, మైకు హారను ఒళ్ళో పెట్టుకుని లోపలి తీగకి గుడ్డపేలిక చుడుతున్నాడు. రాజోలు నుంచి అంతర్వేది దాకా ఏ పెళ్ళికైనా, సువార్త సభకైనా లాజరు మైకే. శనివారం నాటకానికీ అతని మైకే మాట్లాడారు.

"లావయ్యేవు" అన్నాడు సూర్యం.

"మీరు చిక్కేరు."

"చిక్కకపోతే ఎలాగ? మద్రాసులో నీళ్ళు కూడా కొలిచి ఇస్తారు." నవ్వాడు. "ఏం, కాఫీ లేదా? పొద్దున్న పంటు మీద తాగిన టీ తప్ప ఏం లేదమ్మా కడుపులో."

"ఉందండి. గ్లాసు..." అని ఆగిపోయింది.

"గ్లాసుకేమైంది?"

"ఏం కాలేదు. మాదే కదా అని."

సూర్యానికి అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. తలదించుకున్నాడు. "అరవ దేశంలో ఎవరెవరి చేతి కూడు తిని బతికేనో నాకే తెలీదు సుందరీ. తీసుకురా."

తెచ్చింది. స్టీలుగ్లాసు. అతను ఎత్తి పోసుకోలేదు. పెదాల కానించుకుని తాగాడు. తాంబూలం ఎరుపు గ్లాసు అంచుకి అంటుకుంది. దాన్నే చూస్తూ నిలబడింది సుందరి. ఇది ఆ రోజుల్లో జరిగి ఉంటే తను ఏమైపోయేదో! ఇప్పుడు కూడా ఏమీ కాలేదని అనడానికి లేదు.

"మీ సినిమాలు వచ్చినప్పుడల్లా చూసేవాళ్ళం. రాజోలు వెళ్ళి మరీ" అంది, ఏదో ఒకటి అనాలని. "మీరెక్కడా కనబడేవారు కాదు."

"కనబడితేగా! వెళ్ళిన కొత్తల్లో ఓ వేషం ఇచ్చేరు. మగాడు ఆడవేషం వేసుకుని అంతఃపురంలో దూరితే భటులు పట్టుకుని తంతారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వాలి. నేను ఎప్పట్లాగే నడిచేను. సెట్లో ఎవరూ నవ్వలేదు. డైరెక్టరు వచ్చి, 'ఏమయ్యా, కాస్త అసయ్యంగా నడువు, మరీ ఇంత బాగుంటే ఎలా' అన్నాడు." గ్లాసు కింద పెట్టాడు. "నాకది చేతకాలేదు సుందరీ."

లాజరు చుడుతున్న పేలిక ఆగింది. మళ్ళీ కదిలింది.

"తర్వాత?"

"తర్వాతేముంది. హీరోయిన్లకి చీరలు కట్టేవాణ్ణి. రాజుల కాలం చీరకట్టు ఆ పిల్లలకేం తెలుసు? కుచ్చెళ్ళు పెట్టడం, కొంగు వెయ్యడం, నడక చెప్పడం. తెర మీద నా పేరెప్పుడూ పడలేదుగానీ, నేను పెట్టిన కుచ్చెళ్ళు మాత్రం బోలెడు పడ్డాయి. మీరు రాజోల్లో చూసే ఉంటారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆగిపోయాక ఏం చెయ్యాలో తెలియలేదు.

సూర్యం గొంతు తగ్గించాడు. "శనివారం సంగతి చెప్పు. సాయంత్రానికల్లా కరపత్రాలు అచ్చుకెళ్ళాలంట. కామరాజు గుమాస్తా, ఆ పాపారావు, మీ ఇంటికే వస్తానన్నాడు. నా పేరు వేసేసేరు. రెండో హేమవల్లి చోటు ఖాళీగా ఉంచేరు."

"కుర్రపిల్లలు ఎవరూ దొరకలేదా?"

"మండపేట నుంచి ఓ అమ్మాయిని తెస్తామన్నారు. వద్దన్నాను."

"ఎందుకొద్దన్నారు?"

"ఎందుకేమిటి? సగం రాత్రి నేను హేమవల్లినై, మిగతా సగం ఎవరో ముక్కూ మొహం తెలీని పిల్ల హేమవల్లి అయితే అదేం నాటకం? జనం వచ్చేది మనిద్దర్నీ చూట్టానికి. అసలు నన్ను చూసి ఏం చేస్తారు, ఈ బుగ్గలు చూసి! నీ పద్యాల కోసం వస్తారు. నువ్వు లేకపోతే నేను నవ్వులపాలవుతాను సుందరీ. మద్రాసులో తప్పించుకుని వచ్చి మలికిపురంలో ఆ వేషం కట్టినట్టవుతుంది."

సుందరి స్తంభానికి ఆనుకుంది. సంఘం ఎదుట అన్న మాట గుర్తుంది. శనివారం రంగు పూసుకుంటే ఆదివారం బల్ల దగ్గరికి ఏ మొహంతో వెళ్తుంది? పెద్దలు మళ్ళీ బయట నిలబెడతారు, ఈ వయసులో, పెళ్ళీడు కూతురు సువర్ణ చూస్తుండగా. నిన్న రాత్రి అన్నం దగ్గర లాజరుని అడిగింది. "నీ ఇష్టం" అన్నాడు. అతనెప్పుడూ అంతే. పెళ్ళయిన రోజునుంచీ అన్నిటికీ నీ ఇష్టమనే. వద్దని ఒక్కసారి అంటే పోట్లాడటానికైనా ఉండేది.

వెళ్ళాలని ఉంది. ఎంత ఉందంటే, పొద్దున్న బియ్యం కడుగుతూ అడవి పద్యం మొదటి పాదం పెదాల మీదికి వచ్చేసింది. ఇరవయ్యేళ్ళుగా పాడలేదు, ఒక్క అక్షరం తప్పిపోలేదు. జనం కోసం కాదు. కామరాజు కోసం అసలే కాదు. దుప్పటి చాటున ఆ కాసేపు మళ్ళీ నిలబడాలి. గడ్డం కింద ఆ రెండు వేళ్ళూ, తల మీద ఆ ముసుగూ, దాని కొసన బరువూ. దానికోసం బల్ల పోతుందంటే పోనీ అనేంత వరకూ వచ్చేసింది రాత్రికి రాత్రే. ఒక్కటి తెలిస్తే చాలు. అతనికీ గుర్తుందా?

లాజరు అక్కడే ఉన్నాడు. ఉన్నాడని ఆమెకు తెలుసు. అయినా ఉన్నట్టు తోచలేదు. ఆ రోజుల్లో దుప్పటి పట్టుకున్నవాడు గుంజతో సమానం. గుంజ వింటుందని చీర విప్పడం ఎవరూ మానలేదు. ఆ అలవాటు ఈ ఇంట్లోకి కూడా వచ్చింది కాబోలు.

"వస్తాను" అంది.

సూర్యం మొహం వెలిగింది. అచ్చం ఉయ్యాల సీనులో చెలికత్తె రాకుమారుడొచ్చాడని చెప్పినప్పుడు వెలిగినట్టు. "నాకు తెలుసు నువ్వు వస్తావని!"

"ఒక్క మాట అడుగుతాను, చెబుతారా?"

"అడుగు."

"ఆ రోజున కూడా కడతారా?"

"ఏం కట్టేది? చీరా? నేను కట్టక ఎవరు కడతారు, నీకు కుచ్చెళ్ళు ఈ జన్మకి రావు."

"చీర కాదండి. ముడి."

"ఏ ముడి?"

అతను సరసమాడుతున్నాడనుకుంది. నలభై దాటిన మొహం వేడెక్కింది. "తెలీనట్టు అడుగుతున్నారా? ముసుగు కొసన కట్టేవారు కదా. కలకండా, మిరియాలూ. నేను ఎవరికీ చెప్పలేదు. మీతో కూడా అనలేదు ఎప్పుడూ. అంటే ఏమనుకుంటారోనని. నేను పాడిందంతా..."

మిగతాది నోట్లోనే ఉండిపోయింది. ఎందుకంటే సూర్యం నుదురు ముడిపడింది. అది నటన కాదు. అతని నటన ఆమెకు తెలుసు.

"కలకండేమిటి సుందరీ?"

"మీరు కట్టేవారు కదండీ. నా గొంతు కోసం."

"నేనా?" ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, మర్యాదకి. "లేదమ్మా. నాకేం గుర్తులేదు. గుర్తులేకపోవడం కాదు, నేను కట్టలేదు. ఆ రోజుల్లో నీకు తినేది ఇవ్వడమంటే... రాఘవులుగారు ఊరుకునేవారా? అసలు నాకా ఆలోచనే రాలేదు. విరామమయ్యేసరికి నా తలనొప్పి నాదిగా ఉండేది. ఆ సవరం బరువుకి మెడలు విరిగిపోయేవి. ఎప్పుడు విప్పి నీ నెత్తిన పెడదామా అని చూసేవాణ్ణి."

నవ్వాడు. నవ్వులో ఏ పాపమూ లేదు. అదే సుందరికి తట్టుకోవడం కష్టమైంది. అబద్ధమాడుతున్నాడని తెలిస్తే ఎంత బాగుండేది!

"మీరు తెర పక్కన నిలబడి వినేవారు కదండీ, నేను పాడుతుంటే" అంది, ఆఖరి పూచికపుల్ల పట్టుకున్నట్టు.

"నిలబడేవాణ్ణే. వినడానికి కాదులే, చుట్ట కాల్చుకోడానికి. అక్కడైతే రాఘవులుగారికి కనబడదు." అప్పటికిగాని ఆమె మొహం చూడలేదతను. చూసి కంగారుపడ్డాడు. ఎక్కడ తప్పటడుగు వేశాడో తెలియక, నాటకంలో మాట మరిచిపోయినవాడు పక్కవాడి వంక చూసినట్టు చుట్టూ చూసి, వసారా చివర ఉన్న వీపుని పట్టుకున్నాడు.

"ఏమోయ్ లాజరూ! ఏదో ముడంటోంది, కలకండంటోంది, నీకేమైనా తెలుసా? ముసుగు నీ భుజం మీదేగా ఉండేది?"

లాజరు హారను తిప్పి చూసుకున్నాడు. లోపలి దుమ్ము నోటితో ఊదాడు.

"ఆయ్" అన్నాడు. "నా భుజం మీదేనండి."

అంతే అన్నాడు.

సుందరికి పెళ్ళయిన మొదటి ఆదివారం కళ్ళముందుకొచ్చింది. తెల్లచీర కట్టుకుని, మొదటిసారి గుడిలో పాడాలని భయపడుతూ గుమ్మం దిగుతుంటే, లాజరు చొక్కా జేబులోంచి పొట్లం తీసి ఆమె చేతిలో పెట్టాడు. విప్పితే కలకండ పలుకు, రెండు మిరియాలు. అప్పుడేమనుకుంది తను? పాపం, సూర్యంగారిని చూసి నేర్చుకున్నాడు అనుకుంది. జాలిపడింది కూడా. ఆ తర్వాత ఏ ఆదివారమూ అది మానలేదు. ఈ ఆదివారం కూడా. దానిమీద ఆలోచన పెట్టడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. నాలుక కింద ఊరిన తీపిని ఇన్నేళ్ళూ మద్రాసుకి పంపుకుంటూ కూర్చుంది. అది ఎవరి జేబులోంచి వస్తోందో ఎదురుగా కనబడుతూనే ఉండగా.

వీధిలో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. కామరాజు గుమాస్తా పాపారావు చెమట తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అమ్మగారండీ! ప్రెస్సు మూసేస్తారంటండి. మీ పేరు వెయ్యమన్నారా, ఆ మండపేట అమ్మాయి పేరు వెయ్యమన్నారా?"

పాపారావు సూర్యం వంక చూశాడు. సూర్యం ఖాళీ గ్లాసు వంక చూస్తున్నాడు.

సుందరి స్తంభం వదిలి నడిచింది. సూర్యం మంచం పక్కనుంచే వెళ్ళింది, ఆగలేదు. వసారా చివర, ఆ వీపు వెనక నిలబడింది. చొక్కా మెడ దగ్గర చిరుగు. రెండు నెలల నుంచీ కుట్టాలనుకుంటోంది.

"మీరా?" అంది.

లాజరు హారను అంచుని బొటనవేలితో తుడిచాడు.

"ఊరూరా తిరుగుతూ, మిరియాలూ కలకండా ఎక్కణ్ణించి తెచ్చేవారండీ? ఎందుకు కట్టేరు? కట్టినవారు నాతో ఒక్క మాట అనొచ్చు కదా! అప్పుడు కాకపోతే పెళ్ళయ్యేక అనొచ్చు. ఇన్నేళ్ళు ఒక కప్పు కింద ఉండి, నేను ఎవరనుకుంటున్నానో తెలిసి ఉండి... తెలుసుగా మీకు? తెలుసు. వీపు అటు తిప్పుకున్నంత మాత్రాన చెవులు లేకుండా పోతాయా? ఎందుకు చెప్పలేదు మీరు?"

గొంతు లేచింది. అడవి పద్యంలో ఆఖరి పాదం దగ్గర లేచినట్టే లేచింది. దడి అవతల ఎవరో నడుస్తున్నవాళ్ళు ఆగిన అలికిడి.

లాజరు హారను నేలమీద పెట్టాడు. పేలిక మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూర్చున్న చోటే, నెమ్మదిగా, ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు, దెప్పు లేదు. ఇందాక బావి దగ్గర నీళ్ళు తోడిన మనిషే.

"చెబితే నువ్వలా పాడేదానివి కాదు" అన్నాడు.